మేకపిల్ల దొర మనవరాలు

కూకట్‌పల్లిలో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేశాను కానీ, విమానం ఎక్కడానికి తప్ప శంషాబాద్ వైపు వెళ్లిన పాపాన పోలేదు. మాది రాజమండ్రి దగ్గర లంక గ్రామం. సెలవు దొరికిందంటే రైలెక్కి గోదావరి గాలి పీల్చుకోవడానికి పరుగెత్తడమే. పాలమూరన్నా నల్లగొండన్నా నాకు వార్తల్లో వినిపించే పేర్లు, అంతే. అలాంటిదాన్ని పట్టుకుని ఆ రెండు జిల్లాలూ తిప్పిన ఘనత స్కాట్లండ్ నుంచి దిగిన ఒక డెబ్బై ఏళ్ల ఆవిడది.

నాతో కాలేజీలో పనిచేసిన స్నేహితురాలు ఫోన్ చేసింది. "నీకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు, రిటైరయ్యాక పనేమీ లేదు. ఒకావిడ వాళ్ల తాతగారి ఊరు చూడాలని వస్తోంది, తోడు వెళ్లు" అంది. ఇందులో మూడో అర్హత గురించి గట్టిగా వాదిద్దామనుకున్నాను. కానీ ఆ క్షణంలో నేను చేస్తున్న పని చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం. ఒప్పుకున్నాను.

ఆవిడ పేరు ఐనా. తెలుగువాళ్ల మధ్య ఈ పేరుతో ఎన్ని తిప్పలుంటాయో పెట్టినవాళ్లకు తట్టి ఉండదు. మేం కిరాయికి మాట్లాడుకున్న కారు డ్రైవరు జంగయ్య, పాలమూరు మనిషే, బయలుదేరిన పొద్దున మర్యాదగా అడిగాడు.

"అమ్మ పేరేంది మేడం?"

"ఐనా."

జంగయ్య కాసేపు ఎదురుచూశాడు. "ఊఁ, చెప్పున్రి."

"అదే పేరు. ఐనా."

"గదే అడుగుతున్న మేడం. ఐనా, పేరేంది?"

దారిలో కలిసిన ప్రతి మనిషితోనూ ఈ సంభాషణ మొదటినుంచీ జరిగింది. చివరికి ఐనాయే దానికి అలవాటుపడి, పేరు చెప్పి, అవతలివాళ్లు మిగతా వాక్యం కోసం ఎదురుచూస్తుంటే ముసిముసిగా నవ్వుకోవడం నేర్చుకుంది.

కారులో విన్న సంసారం

షాద్‌నగర్ దాటేలోపు ఐనా వాళ్ల తాతగారి కథ చెప్పింది. ఆయన పేరు మెక్‌ఫిలన్. ప్రెస్బిటేరియన్ సంఘంలో పాదిరి. నిజాం కాలంలో భార్య ఎల్స్‌పెత్‌ను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ అవతల ఒక పల్లెకు వచ్చాడు. గుడి కట్టాడు, బడి పెట్టాడు. దొరసాని వరండాలో బల్ల వేసుకుని జ్వరాలకూ పుండ్లకూ మందులిచ్చేది. వేసవిలో దొరలందరూ కొండలెక్కి చల్లగా ఉంటే ఈయన మాత్రం నల్ల కోటు విప్పకుండా పల్లెల్లో తిరిగేవాడట. మనిషి సన్నం, ప్రార్థన పొడుగు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పెట్టిన కూర సంగతి మరిచిపోవాల్సిందేనని దొరసాని స్వదేశంలో ఉన్న తన చెల్లెలికి ఉత్తరాల్లో రాసుకునేదట.

నలుగురు పిల్లలు. అప్పటి దొరల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. పిల్లకు ఏడేళ్లు నిండగానే ఓడ ఎక్కించి స్వదేశంలో చుట్టాలింటికి చదువుకు పంపేయడం. పెద్దపిల్ల జీన్ వెళ్లింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు వెళ్లారు. చివరివాడు రాబీ. ఐనా తండ్రి ఆయనే. ఆయన వంతు వచ్చేసరికి పిల్లాడు మాయమయ్యాడు. వాణ్ని పెంచిన ఆయా ఇంట్లో దొరికాడు. మర్నాడే ప్రయాణం కట్టించారు. ఆ తర్వాత రాబీ తల్లిని మళ్లీ చూడలేదు. ఆవిడ ఇక్కడే జ్వరంతో పోయింది. తండ్రిని మళ్లీ చూసేసరికి రాబీకి మీసాలొచ్చాయి.

"ఆ ఆయానే బహుమతి కోసం నాన్నను దాచిందనీ, బహుమతి కోసమే అప్పగించిందనీ జీన్ అత్త చెప్పేది" అంది ఐనా. "నాన్నను అడిగితే లేచి తోటలోకి వెళ్లిపోయేవాడు. చివరి రోజుల్లో మాకెవరికీ గుర్తులేని మాటలు మాట్లాడాడు. అవ్వా, అవ్వా అని ఒకటే కేక. అది పిలుపో తిట్టో నాకు తెలియలేదు. తెలుసుకుని పోదామని వచ్చాను."

"అవ్వ అంటే నానమ్మ. కొన్నిచోట్ల అమ్మమ్మ కూడా" అన్నాను, చాలా ధీమాగా.

ఐనా ముఖం చిన్నబోయింది. "ఇక్కడున్నన్నాళ్లూ నాన్న తన నానమ్మను చూడనేలేదే."

జడ్చర్ల దగ్గర టీకి ఆగినప్పుడు ఐనా గబగబా దిగి రోడ్డు దాటబోయింది. "అమ్మా, జర ఆగున్రి!" అని జంగయ్య అరిచాడు. ఐనా రోడ్డు మధ్యలోనే కొయ్యబారిపోయింది. ఆవిడకు భయం వేసిందనుకున్నాను. కాదు. "ఆ మాట! నాన్న మా కుక్కతో చెప్పే మాట అది!" అంది. వాళ్లింట్లో రాబీగారు మూడు తరాల కుక్కలకు "జర ఆగు", "గిట్ల రా" నేర్పారట. అది కుక్కల కోసం నాన్న కల్పించిన భాష అని పిల్లలు అనుకున్నారు. జంగయ్య మొదట కొంచెం నొచ్చుకున్నాడు. తర్వాత ఆలోచించి, "పోనియ్యున్రి, మా భాష ఏడిదాక పోయిందో సూడున్రి" అని టీ డబ్బులు తనే ఇచ్చాడు.

మహబూబ్‌నగర్: పేరు తెచ్చిన తంటా

మహబూబ్‌నగర్‌లో మేం కనిపించిన గుడికల్లా వెళ్లి మెక్‌ఫిలన్ దొర గురించి అడిగాం. ఎవరికీ తెలియదు. ఒక పాస్టరు గారు మర్యాదగా కూర్చోబెట్టి ఇంకో దొర జీవితమంతా చెప్పారు. మా దొర కాదని చెప్పడానికి మొహమాటపడి పూర్తిగా విన్నాం. ఊరి పేరు కూడా ఐనాకు సరిగ్గా తెలియదు. "గట్టు" అని మాత్రం వస్తుంది అంది. ఈ ప్రాంతంలో గట్టు లేని ఊరు చెప్పడం కష్టం. ఎటు చూసినా ఎవరో పేర్చి మరిచిపోయినట్టు బండరాళ్ల గుట్టలే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. జొన్నరొట్టెలోకి గోంగూర ఉందా అని అడిగాను. లేదన్నాడు. ఏముందంటే పుంటికూర అన్నాడు. తెమ్మన్నాను. తెచ్చింది గోంగూర. "ఇదే కదయ్యా గోంగూర" అంటే, "గది మీ దిక్కు. మా దిక్కు గిది పుంటికూర" అని గిన్నె పెట్టి పోయాడు. రుచి చూసి నోరు మూసుకున్నాను. మా ఇంట్లో నూనె తేలితే గానీ గోంగూర కాదు. ఇక్కడ పచ్చిమిర్చి, ఎల్లిపాయ తప్ప ఆర్భాటం లేదు. రెండో రొట్టె అడిగాను, మూడోది కూడా.

మేం దొర పేరు పలుకుతూ తగువులాడుకోవడం పక్క బల్ల మీద భోంచేస్తున్న పెద్దాయన విన్నాడు. రిటైరైన బడిపంతులట. చెయ్యి కడుక్కొచ్చి అడిగాడు.

"మీరు అడిగేది మేకపిల్ల దొరనా?"

"కాదండీ, మెక్‌ఫిలన్."

"గదే మేకపిల్లన్. మా నాయినమ్మ మేకపిల్ల దొర అనేది. గట్టుమీదిపల్లిల ఉండె గా దొర."

పాత మనుషుల నోట ఆ పేరు అలా తిరిగిందన్నమాట. అయితే ఊళ్లోవాళ్లు దానికి కారణం కూడా చెప్పుకుంటారట. తప్పిపోయిన గొర్రెపిల్ల మీద ప్రసంగం చెయ్యడానికి దొరకు గొర్రెపిల్ల దొరక్క, ఎవరిదో మేకపిల్లను చంకలో పెట్టుకుని గుడికి వచ్చాడట. ప్రసంగం పొడుగైంది. మేకపిల్లకు విసుగొచ్చి దొర చేతిలో ఉన్న ప్రసంగం కాగితాలు నమిలేసింది. అంత చిన్న ప్రసంగం దొర జన్మలో మళ్లీ చెయ్యలేదట.

నేను అనువదించి చెప్పేసరికి ఐనాకు జొన్నరొట్టె గొంతుకు అడ్డం పడింది. పంతులుగారే లేచి వీపు మీద తట్టారు.

గట్టుమీదిపల్లి: సమాధి మీద పల్లీలు

గట్టుమీదిపల్లిలో దొర బంగళాకు ఇప్పుడు గోడలున్నాయి, పైకప్పు లేదు. గుడి మాత్రం బాగుంది. కొత్తగా నీలం రంగు వేశారు. వెనక కంపచెట్ల మధ్య దొరసాని సమాధి ఉందని చెప్తే వెళ్లాం. సమాధి కనిపించలేదు. దాని మీద ఎవరో పల్లీలు ఆరబోశారు.

మమ్మల్ని చూసి బాలమ్మ అనే ఆవిడ చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "తీస్త తీస్త! తప్పయింది. గీ బండ నున్నగుంటది, ఎండ మంచిగ తగుల్తది. దొరసాని ఏమనుకోదని..."

ఐనాకు విషయం చెప్పాను. మా వైపైతే పెద్దల సమాధి మీద చెయ్యి వేయడానికే జంకుతారు. ఈవిడకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. ఐనా సమాధి అంచున కూర్చుని ఒక కాయ వలిచి నోట్లో వేసుకుంది. "మా నానమ్మకు ఇంటినిండా పిల్లలుండాలని ఉండేదట. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ ఒంటరిగా పడుకుందేమో అనుకున్నాను. తియ్యొద్దని చెప్పు" అంది.

చెప్పాను. బాలమ్మ చీపురు పక్కన పెట్టి ఆవిడ పక్కనే కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ కలిసి సమాధి మీద పల్లీలు చాలావరకు ఖాళీ చేశారు.

ఆయా గురించి బాలమ్మే చెప్పింది. "రూతమ్మ ఇంటోళ్లా? గాళ్లు సాగర్ డ్యాము కట్టేటప్పుడే కూలికి పోయిన్రు. మళ్ల రాలే. మనుమడు దానయ్య నందికొండల ఉంటడు, నీళ్ల ఆఫీసుల కొలువు జేసిండు." తర్వాత గొంతు తగ్గించి, "గాళ్లు మీతోని మాట్లాడుతరో లేదో" అంది.

ఎందుకని అడిగితే చీపురు అందుకుంది.

నందికొండ దారిలో పచ్చి పల్లీలు తమ ప్రతాపం చూపించాయి. దేవరకొండ చేరేలోపు జంగయ్య చాలాసార్లు కారు ఆపాడు. ఐనా మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. అంత నీరసంలోనూ ఆవిడ ఆలోచిస్తున్నది కడుపు గురించి కాదు. "వాళ్లు తలుపు తీయకపోతే ఏం చేద్దాం?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ మజ్జిగే అందించాను.

నందికొండ: చాయ్ లేని పలకరింపు

డ్యాము కట్టినప్పుడు పనివాళ్ల కోసం లేచిన ఊరు ఇది. కొండ మీద ఒకే రకం క్వార్టర్లు బారులు తీరి ఉంటాయి. మొదటి వరుసలో అడిగితే దానయ్య ఇల్లు చూపించారు. ముంగిట్లో చేపలు కడుగుతున్న ఒకావిడ తలెత్తింది. దానయ్య భార్య సువార్తమ్మ. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఆ చూపు ముందు ఎవరికైనా జ్వరం తగ్గాల్సిందే.

"ఎవరు గావాలె?"

"దానయ్యగారి కోసం వచ్చామండీ. నాది రాజమండ్రి, కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఈవిడ స్కాట్లండ్ నుంచి వచ్చారు. మేకపిల్ల దొర మనవరాలు."

చేప చేతిలోంచి గిన్నెలో పడింది. "ఏ కొడుకు బిడ్డ?"

"చిన్న కొడుకు, రాబీగారి కూతురు."

ఆవిడ లోపలికి తిరిగి కేకేసింది. "ఇన్నవా? రాబయ్య బిడ్డ వచ్చిందంట!" తర్వాత మావైపు తిరిగి, "మా ముసలామెను దొంగను జేసిన ఇంటోళ్లు వచ్చిన్రు. కూసోన్రి. మంచినీళ్లియ్యనంత పగ లేదు. చాయ్ సంగతి తర్వాత సూస్త" అంది.

దొంగ అన్న మాట నేను మింగేసి మిగతాది అనువదించాను. ఐనా నా ముఖంలోకి చూసి, "ఆవిడ ఇంకేదో అంది" అంది. చెప్పక తప్పలేదు. ఐనా నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నేను విన్న కథలో కూడా ఆమె దొంగే. అసలు ఏం జరిగిందో చెప్పమని అడుగు" అంది.

దానయ్య వచ్చి మోకాలు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా, మాట లేకుండా ఉన్నాడు. ఆ ఇంట్లో మాటల బాధ్యత ఎవరిదో తెలుస్తూనే ఉంది. సువార్తమ్మ చేతులు తుడుచుకుని గడపలో కూర్చుంది.

"నేను కోడలిగ వచ్చేసరికి ముసలామె మంచంల ఉండె. తలకు నూనె రాసినప్పుడల్లా గీ ముచ్చటే చెప్పేది. దొరసానికి పాలు పడలే. రాబయ్యకు మా రూతవ్వనే పాలిచ్చింది. గీయన నాయిన, గా పిల్లగాడు ఇద్దరు ఒక్క ఈడోళ్లు. ఇద్దరు ఒక్క తల్లి పాలు తాగిన్రు. ఓడ ఎక్కిస్తరని ఎరుకయ్యి, ఒకనాడు పొద్దుమూకంగ ఉరికొచ్చి అవ్వ కాళ్లు పట్టుకున్నడు. అవ్వ ఏం జేస్తది? ఇంట్ల గుమ్మి ఖాళీగుండె. అండ్ల కూసోబెట్టి మూత పెట్టింది."

గుమ్మి అంటే వెదురుతో అల్లి, మట్టీ పేడా పూసిన ధాన్యపు బుట్ట. మనిషి ఛాతీ ఎత్తుంటుంది. మా వైపు గాదెలో నేనూ ఒకప్పుడు దాక్కున్నాను గనక ఐనాకు చేతులతో బాగానే చూపించగలిగాను.

"తెల్లారి దొర వచ్చిండు. 'రూతమ్మా, నా కొడుకు గిట్ల వచ్చిండా?' అన్నడు. 'రాలే దొరా' అన్నది. దొర నమ్మిండు. పోతపోత, ప్రార్థన చేసి పోత అన్నడు. ఇగ మొదలువెట్టిండు. వానలు పడాలన్నడు. పంటలు పండాలన్నడు. నిజాం సర్కారు సల్లగుండాలన్నడు."

నేను అనువదిస్తుంటే ఐనా తల ఊపింది. తాతగారి ప్రార్థనల ఖ్యాతి వాళ్లింట్లో చెక్కుచెదరలేదు.

"ఆఖరికి దొర గొంతు మారింది. 'దేవా, నా చిన్న కొడుకు ఏడున్నడో నాకు తెల్వదు. వానికి ఆకలి గాకుంట సూడు, భయం గాకుంట సూడు' అని ఆగిండు. ఇప్పుడు ఆమెన్ ఎవరనాలె? అవ్వ అబద్ధమాడింది, నోరు ఎండిపోయింది. ఇంట్ల ఉన్నోళ్లు ఒక్కరు అనలే. దొర కండ్లు మూసుకొని గట్లనే నిలవడ్డడు. ఆమెన్ అనకుంటే ప్రార్థన దేవుని కాడికి పోదని పిల్లలకు నేర్పింది గా దొరనే గద!"

సువార్తమ్మ ఆగింది. నర్సమ్మకు కథ చెప్పడం వచ్చు.

"గుమ్మిలకెల్లి సన్నగ వినవడ్డది. 'ఆమెన్.'"

నేనూ అంతే సన్నగా అనువదించాను. మొదట నవ్వింది దానయ్య. అప్పటిదాకా మాట్లాడని మనిషి కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. ఐనా రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. నవ్వు ఎక్కడ అయిందో ఏడుపు ఎక్కడ మొదలైందో మాకెవరికీ తెలియలేదు.

తేరుకున్నాక ఐనా చెప్పింది. "నాన్న ప్రతి ఆదివారం గుడికి వచ్చేవాడు. పాటలన్నీ పాడేవాడు. కానీ ఆమెన్ అనేవాడు కాదు. అందరూ అంటుంటే పళ్లు బిగించుకుని కూర్చునేవాడు. అమ్మకు తలకొట్టేసినట్టుండేది. ఒకసారి అడిగితే, 'చిన్నప్పుడొకసారి అన్నాను, అది నన్ను చాలా దూరం తీసుకొచ్చింది' అన్నాడు. మొండిమనిషి అనుకున్నాం."

ఈసారి కళ్లు తుడుచుకోవడం సువార్తమ్మ వంతైంది.

"దొర గుమ్మి మూత తియ్యలే. దాని కాడ కింద కూసున్నడు. నల్ల కోటుకు పేడ అంటుకున్నది. 'బువ్వ ఉన్నదా రూతమ్మా' అన్నడు. అవ్వ జొన్నగటక పెట్టింది. తినుకుంట ఏడ్చిండు. జరసేపటికి పిల్లగాడే మూత నూకి, లేసి చేతులు మీదికి లేపిండు, నన్ను తియ్యి అన్నట్టు. గంతే. దొర మంచోడే గని దొరసాని ముందల నోరు లేవదు. పిల్లగాన్ని దొంగతనం జేసిందని దొరసాని అవ్వను కొలువుల కెల్లి తీసేసింది. గుడి ముందల అందరు సూడంగ తీసేసింది. దొర చెప్పొచ్చు గద, గిట్ల గాదు, గట్ల జరిగిందని? చెప్పలే."

ఐనా దేనికీ సర్దిచెప్పలేదు. "చెప్పి ఉండాల్సింది" అంది.

సువార్తమ్మ గడపలోంచి కొంచెం ముందుకు జరిగింది. "మావోళ్లదీ తప్పున్నది. దొరసాని జరంతోని మంచం పట్టినంక, రూతను పిల్వున్రి అని కబురంపింది. అవ్వ పోలే. మళ్ల పిలిచినా పోలే. ముసలితనంల దానికే ఏడ్చేది. పోయి చెయ్యి పట్టుకుంటే నాదేం పోయేది అని."

ఆ దొరసాని సమాధి మీద కూర్చుని వచ్చిన మనిషికి ఆ మాట అనువదించడం తేలిక కాదు. చెప్పాను. ఐనా, సువార్తమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఇటు కొంత, అటు కొంత తప్పు తేలేసరికి ఇంట్లో గాలి కొంచెం తేలికైంది.

అప్పుడు ఐనా భయంభయంగా అడిగింది. "నాన్న చివర్లో అవ్వా అని అరిచాడు. నాకు తోడొచ్చిన ఈవిడ దానికి అర్థం నానమ్మ అంటోంది."

సువార్తమ్మ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "మీ దిక్కు ఏమంటరో నాకెరుక లేదు టీచరమ్మా. గీయన నాయిన రూతవ్వను సచ్చేదాక అవ్వా అనే పిలిచిండు. మా ఇండ్లల్ల తల్లినే అవ్వంటరు."

నేను ఐనాకు ఒక్క మాట చెప్పాను. "అమ్మ."

సువార్తమ్మ లేచి లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది.

ఆడబిడ్డ అయిన వైనం

చాయ్ తర్వాత భోజనం. కృష్ణ చేపల పులుసు. గోదావరి మనిషినై ఉండి ఇంకో నది చేపను మెచ్చుకోవడమా అని బిగదీసుకుని కూర్చున్నాను. రెండో ముద్దకు లొంగిపోయాను. ఐనా పల్లీల దెబ్బ మరిచి వేళ్లు నాకింది.

ఇంతలో దానయ్య మొదటిసారి నోరు తెరిచాడు. "ఒక్క తల్లి పాలు తాగినంక మా నాయినా ఆమె నాయినా అన్నదమ్ములే. గట్లైతే ఈమె నాకేమైతది?"

"చెల్లె ఐతది" అంది సువార్తమ్మ. అనగానే ఆవిడకు అసలు సంగతి తట్టింది. "అయ్యో, గట్లైతే నాకు ఆడబిడ్డ గద! ఆడబిడ్డను ఒట్టి చేతులతోని ఎట్ల పంపాలె?"

మా వైపు ఆడపిల్లకు చీర, పసుపూ కుంకుమా పెట్టి పంపిస్తాం. ఇక్కడ ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, కుడకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, రవికబట్ట పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో పోస్తే, ఆమె తనింటికి తీసుకెళ్లి వండి నలుగురికీ పెడుతుంది. క్రైస్తవులు కూడా చేస్తారా అని అడిగాను. "పాస్టరు ఏమంటరో" అని దానయ్య గొణిగాడు. "పాస్టరుకు మా ఇంటి బియ్యంతోని ఏం పని?" అని సువార్తమ్మ కొట్టిపారేసింది.

చిక్కంతా ఐనా ప్యాంటుతో వచ్చింది. కొంగు లేనిదే ఒడి ఎక్కడిది? సువార్తమ్మ కొత్త చీర తెచ్చి ప్యాంటు మీదే చుట్టింది. ఐనా మనిషి ఎత్తు. చీర మోకాళ్ల కిందే ఆగిపోయింది. భార్యాభర్తలు బియ్యం పోస్తుంటే కొంగు జారింది. బియ్యం నేలపాలు కాకుండా నేను, జంగయ్య చెరో కొస పట్టుకున్నాం. ముగ్గురం కొంగు పట్టుకుని నిలబడితే, వీధిలోవాళ్లు ఎవరి పెళ్లో అని తొంగిచూశారు.

కారు కదిలేముందు సువార్తమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఐనా చెంప నిమిరింది. "చెప్పు టీచరమ్మా. బియ్యం సంచుల దాసిపెట్టద్దు. వండాలె, నలుగురిని పిలవాలె."

కూకట్‌పల్లి: నా వంటింట్లో

స్కాట్లండ్ దాకా ఆ బియ్యం వెళ్లవని తెలిసిపోయింది. కాబట్టి ఆడబిడ్డ సొంతిల్లు నా అపార్టుమెంటే అయింది. పసుపన్నం వండాం. కుడకలతో పచ్చడి చేశాను. జంగయ్య భార్యాపిల్లలతో వచ్చాడు. ఎదురింటివాళ్లు, పైయింటివాళ్లు, వాచ్‌మన్ కుటుంబం వచ్చారు. ఐనా అదే పొట్టి చీర ప్యాంటు మీద చుట్టుకుని అందరికీ తనే వడ్డించింది. ఏం సందర్భమని ఎవరడిగినా, "మా పుట్టింటివాళ్లు పెట్టారు" అని చెప్పమంది. చెప్పాను. ఎదురింటావిడ ఐనా తెల్లటి ముఖం, పసుపన్నం మార్చి మార్చి చూసి, మర్యాదగా మారు అడిగింది.

ఐనా స్కాట్లండ్ వెళ్లిపోయాక నా పని అయిపోయిందనుకున్నాను.

మండు వేసవిలో ఒకరోజు సువార్తమ్మ నుంచి ఫోన్. "టీచరమ్మా, మా ఆడబిడ్డకు తెలివున్నదా? గీ బండలు పలిగే ఎండల మాకు ఊలు స్వెటర్లు పంపుతదా? నన్ను ఉడకబెడదామనుకుంటాందా? చేతులు గూడ పొట్టిగున్నయ్."

"వేసుకుని చూశారా?"

"వేసుకోకుంటే పొట్టిగున్నయని ఎట్లెరుక? గీయన ఇంక తీస్తలేడు, చెమటలు కారంగ గట్లనే కూసున్నడు. పైసలు దండుగ. గామెకు ఫోన్ గలిపి గట్టిగ చెప్పు. నేనన్నట్టే చెప్పు, నీ మెత్తమాటలు కలపకు."

ముగ్గురినీ ఒకే ఫోన్లోకి తెచ్చాను. సువార్తమ్మ గుక్కతిప్పుకోకుండా తిట్టింది. ఎండ గురించి, తెలివి గురించి, చేతుల పొడవు గురించి, వెళ్లినప్పటినుంచి అన్న మోకాలు ఎట్లుందని ఒక్కసారైనా అడగని ఆడబిడ్డ గురించి. నేను ఒక్క ముక్క మెత్తబరచకుండా ఇంగ్లీషులోకి దించాను. ఐనా నొచ్చుకుందేమో అనుకున్నాను.

"నిజంగా నా మీద కోపమేనా?" అని అడిగింది.

"నిజంగానే."

"మా ఇంట్లో నన్ను అలా తిట్టేవాళ్లందరూ పోయారు" అంది ఐనా. గొంతులో నవ్వుందో, ఇంకేముందో. "ఏమందో మళ్లీ చెప్పు. మొదటినుంచి."

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఎండ దగ్గర మొదలుపెట్టాను.